కొండ దిగి వచ్చిన కారు

ఒక వస్తువు పాతబడినప్పుడు దానిని బాగుచేయించుకొని వాడుకొనుట మంచిదా, లేక తీసివేసి క్రొత్తది కొనుట మంచిదా అను ప్రశ్న మన ఇండ్లలో తరచుగా వచ్చునదే. నాగలి విషయములోను, ఇంటి పైకప్పు విషయములోను, బావి దగ్గరి మోటారు విషయములోను మన పెద్దలు ఈ ప్రశ్నకు ఎన్నోమారులు జవాబు చెప్పుకొనిరి. నేడు పల్లెలలో సహితము కార్లు కొనువారున్నారు. బిడ్డ ఉద్యోగములో చేరగానే ఒకరు కొనుచున్నారు. అద్దెకు త్రిప్పి బ్రతుకుటకు ఒకరు కొనుచున్నారు. కొన్నిచోట్ల సంఘమే చందా వేసికొని బోధకుని ప్రయాణముల కొరకు కొనుచున్నది. అందుచేత ఈ నెల ఆ పాత ప్రశ్నను కారు విషయములో ఆలోచింపగోరుచున్నాము.

ఇందుకు హైదరాబాదులోని జూబ్లీహిల్సును, దాని నానుకొనియున్న ఫిల్మ్‌నగరును ఉదాహరణగా తీసికొనుచున్నాము. పల్లెవాసులమైన మనకు ఆ కొండలతో ఏమి పని అని ఎవరైన అడుగవచ్చును. పని కలదు. మన పల్లెల యువకులు అనేకులు అక్కడ డ్రైవర్లుగా బ్రతుకుచున్నారు. అక్కడ తయారగు సినిమాలు మన బిడ్డల మనస్సులలో ఏ వస్తువు గౌరవమో, ఏది నామోషీయో నిర్ణయించుచున్నవి. మూడవ సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది: అక్కడివారు వాడి వదలిన కార్లు ఒక్కొక్క మెట్టు దిగుచు కడపట మన ఊరికి వచ్చుచున్నవి.

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదునకు తరలివచ్చిన కాలములో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో 1976లో ఈ కొండలలో ప్రారంభమైనది. ఆ తరువాత ఫిల్మ్‌నగరులో రామానాయుడుగారి స్టూడియో వెలసినది. ఒకప్పుడు బండరాళ్లును పొదలును ఉన్న చోట నేడు మేడలున్నవి. జూబ్లీహిల్సు 36వ నంబరు రోడ్డున అద్దాల గదులలో క్రొత్త కార్లు దీపాల వెలుగున నిలిచి యుండును. ఆ కొండ దిగువనే కృష్ణానగరు, యూసఫ్‌గూడ ఉన్నవి. అక్కడ లైట్లు మోయువారు, చిన్న వేషములు వేయువారు, డ్రైవర్లు, మెకానిక్కులు ఇరుకు గదులలో కాపురము చేయుదురు. పైన క్రొత్త కారు, క్రింద రిపేరు షెడ్డు. ఈ రెంటికి నడుమ దూరము కొద్ది మైళ్లే.

ఒక కారు ఈ దూరమును ఎట్లు దిగునో చూడుడి. ఇన్సూరెన్సు కంపెనీలు కారునకు విలువ కట్టుటకు చాలకాలముగా వాడుచున్న పట్టిక యొకటి కలదు. క్రొత్త కారు విలువలో ఆరు నెలలలోగా నూటికి 5 వంతులు, సంవత్సరములోగా 15 వంతులు తగ్గింతురు. రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాలుగవ ఏట 40, అయిదవ ఏట 50 వంతులు తగ్గింతురు. అనగా పది లక్షల కారు అయిదేండ్లు నిండుసరికి ఆ లెక్కలో అయిదు లక్షలదగును. ఇనుము సగమై పోలేదు, ఇంజను సగమై పోలేదు; అయినను విలువ సగమైనది. మొదటి యజమాని దానిని అమ్మివేయును. ఒక చిన్న ఉద్యోగి కొనును. అతని తరువాత బాడుగకు త్రిప్పువాడు కొనును. పదియేండ్లో పండ్రెండేండ్లో గడచిన తరువాత అది మన తాలూకా రోడ్డు మీదికి వచ్చి, పెండ్లివారిని, ప్రసవపు నొప్పులు పడుచున్న స్త్రీని, ఆరాధనకు పోవు ముసలివారిని ఎక్కించుకొనును. పై మెట్టున ఉన్నవాడు చేయింపక వదలిన మరమ్మతు ఆ కారుతోబాటు క్రింది మెట్టునకు దిగివచ్చును.

సినిమావారు పాత కారును రెండు విధములుగా వాడుట మనకు తెలిసినదే. 1999లో సమరసింహారెడ్డి చిత్రము విజయము పొందిన పిమ్మట రాయలసీమ కక్షల కథలు వరుసగా వచ్చినవి. వాటిలో టాటా సుమోలు బారులు తీరి వచ్చి, గాలిలోనికి లేచి, మంటలలో పడుచుండెను. పేల్చివేయుటకు క్రొత్త బండిని ఎవరును కొనరు గదా! పాతదానికి రంగు వేసి నిలిపినయెడల తెరమీద క్రొత్తదివలెనే కనబడును. మరియొక విధము వేరు. 2018లో సావిత్రిగారి జీవితమును చూపిన మహానటి వంటి చిత్రమునకు నిన్నటి తరము కార్లు కావలెను, అవి కదలవలెను. ఎవరో ఒకరు వాటిని అన్నేండ్లు తుడిచి, నూనె వేసి, దొరకని భాగమును చేతితో చేయించి కాపాడియుండకపోయినయెడల ఆ కాలపు వీధిని తెరపై చూపుట కష్టమగును. పాతదానిని చులకన చేయుటయు, పాతదానిని కాపాడుటయు ఒకే పరిశ్రమలో ఉన్నవి. మన హృదయములలోను ఈ రెండును ఉన్నవి.

మొదట పాత కారు పక్షమున చెప్పదగినది చెప్పెదము. కలకత్తా దగ్గర ఉత్తరపరలో హిందూస్థాన్ మోటార్సువారు 1950ల చివరినుండి 2014 వరకు అంబాసిడరు కారు తయారుచేసిరి. మారుతి 800 కారు 1983లో వచ్చి 2014లో ఆగిపోయినది. అంబాసిడరు ఆగిపోయినచోట మామూలు మెకానిక్కు మూత తెరచి, చెవి పెట్టి విని, పానా, స్క్రూడ్రైవరు పట్టుకొని దానిని మరల నడిపింపగలిగెడివాడు. విజయవాడ ఆటోనగరును చూచినవారికి ఆ విద్య ఎంత గొప్పదో తెలియును. అక్కడ ఇంజను పని ఒకరిది, టింకరింగు ఒకరిది, కమానుకట్టల పని ఒకరిది. పాఠశాల చదువు లేనివారు సహితము ఇనుము మాటను అర్థము చేసికొని వేల కుటుంబములను పోషించుచున్నారు. చెడినదానిని బాగుచేయుట పారవేయుటకంటె గొప్ప పని. క్రొత్త కారు చేయుటకు గనులనుండి త్రవ్విన లోహము, కాల్చిన బొగ్గు, వాడిన నీరు ఎంతో కలదు. ఉన్నదానిని నాలుగేండ్లు ఎక్కువ వాడుకొనువాడు దేవుని సృష్టిని ఆ మేరకు ఆదా చేయుచున్నాడు.

అప్పు మాటయు ఉన్నది. ఆరు లక్షలు నూటికి తొమ్మిది వడ్డీతో అయిదేండ్లకు తీసికొన్నచో నెలకు సుమారు 12,450 రూపాయల కిస్తీ పడును. అన్నియు కట్టుసరికి దాదాపు 7 లక్షల 47 వేలగును. ఆ అయిదేండ్లలో కారు విలువ సగమగుట పైని చూచితిమి. జీతము స్థిరముగా ఉన్నవానికి ఇది భారము కాకపోవచ్చును. వానమీదను, పంట ధరమీదను ఆధారపడినవాడు పొరుగువాని ముంగిట క్రొత్త కారు చూచి ఈ కాడిని మెడకెత్తుకొనుట అప్పు చేసి పప్పు కూడు తినుటయే. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో చెప్పిన ఉపమానము ఇట్టివారికి బాగుగా తగును.

ఇక క్రొత్త కారు పక్షమున చెప్పదగినదియు బలమైనదే. 2019 జులై నుండి మన దేశములో తయారగు కార్లకు డ్రైవరు ఎదుట గాలిసంచి, సీటుబెల్టు పెట్టుకొననియెడల మ్రోగు హెచ్చరిక, వెనుకకు పోవునప్పుడు అడ్డము తెలుపు పరికరము తప్పనిసరియైనవి. 2022 నుండి డ్రైవరు ప్రక్కనున్నవారికిని గాలిసంచి తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రములు బిగుసుకొని బండి జారకుండ చూచు ఏర్పాటు సహితము ఆ సంవత్సరములలోనే నిర్బంధమైనది. ఇవి డాబు వస్తువులు కావు. గుద్దుకొన్నప్పుడు తల్లికిని మరణమునకును నడుమ నిలుచునవి. పాత అంబాసిడరు రేకు మందమని మనము గొప్పగా చెప్పుకొందుము. కాని రేకు నలిగి దెబ్బను తాను తీసికొననియెడల ఆ దెబ్బ లోపలివారి ఎముకలకు తగులునని నేటి కారు కట్టువారు ఎరుగుదురు.

పైగా వయస్సు కంటికి కనబడకుండ పనిచేయును. టైరు అరగకపోయినను ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడి పగులును. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసియుండును. అక్కడ 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున అది తయారైనదని అర్థము. పాఠకులు తమ బండ్లకు దీనిని చూచుకొనవచ్చును. బ్రేకు ఆయిలు గాలిలోని తడిని పీల్చుకొనును. తడి పీల్చిన ఆయిలు ఫిల్మ్‌నగరు వాలువంటి చోట్ల మరల మరల బ్రేకు తొక్కుటచేత వేడెక్కి మరిగినప్పుడు, కాలి క్రింద పెడలు ఉత్తదై లోపలికి పోవును. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథనాలు కలిపిరి. పాత బండ్లలో చాలవరకు దానికొరకు చేసినవి కావు గనుక వాటి రబ్బరు గొట్టములను, వాషర్లను తరచుగా చూపించుకొనుట మేలు. చట్టము సహితము వయస్సును లెక్కించును. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. తరువాత తనిఖీ చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. 2022 ఏప్రిల్ నుండి ఆ రుసుము 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగినది.

అయినయెడల ఏది న్యాయము? పాతదా, క్రొత్తదా? ఈ ప్రశ్నను ఇట్లడిగినంతకాలము జవాబు దొరకదని మా నమ్మకము. అడుగవలసినది మరియొకటి: మనము చేసికొన్న ఆదాకు వెల ఎవరు చెల్లించుచున్నారు?

జూబ్లీహిల్సులో ఒక యజమాని ఉన్నాడనుకొనుడి. అతనికి రెండు కార్లున్నవి. తాను ఎక్కునది క్రొత్తది. కూరగాయలకు, పనివారిని దింపుటకు వాడునది పాతది. దాని బ్రేకులు మెత్తబడినవని డ్రైవరు రెండుమారులు చెప్పెను. వచ్చే నెల చూతమని యజమాని అనెను. ఇక్కడ మిగిలిన డబ్బు యజమానిది, అపాయము డ్రైవరుది. ఇంకను, ఆ వాలు క్రింద రోడ్డు దాటుచున్న కృష్ణానగరు పిల్లవానిది. ఇది పొదుపు కాదు. తన ఖర్చును ఇతరుల ప్రాణముమీద వ్రాయుట. ఆ డ్రైవరు మన సంఘములోని యొక తల్లి కుమారుడే కావచ్చును.

ద్వితీయోపదేశకాండము 22:8లో ఒక చిన్న ఆజ్ఞ కలదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెపైనుండి ఎవడును పడి చావకుండ చుట్టు పిట్టగోడ కట్టింపవలెను. లేనియెడల ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వచ్చును. ఇల్లు చిన్నదో పెద్దదో, మట్టిదో రాతిదో దేవుడు అక్కడ అడుగలేదు. పిట్టగోడ ఉన్నదా అనియే అడిగెను. కారు విషయములో బ్రేకులు, టైర్లు, స్టీరింగు, దీపములు మన పిట్టగోడ. నిర్గమకాండము 21:29 ఇంకొక మెట్టు ముందునకు పోవుచున్నది. ఎద్దు పొడుచునదని ముందే యజమానికి తెలుపబడినను అతడు దానిని కట్టివేయక, అది మనుష్యుని చంపినయెడల, నేరము ఎద్దుతో ముగియదు, యజమానిమీదికి వచ్చును. తెలియక జరిగిన దానికిని, తెలిసి వదలిన దానికిని ధర్మశాస్త్రము ఇంత భేదము చూపెను. బ్రేకు సంగతి డ్రైవరు చెప్పిన దినమునుండి ఆ కారు పొడుచు ఎద్దే.

ఈ మాట క్రొత్త కారు గలవారికిని చెందును. వారంటీ ఉన్నదను ధైర్యముతో అతివేగముగా నడుపువాడును, కిస్తీ కట్టుటకు నిద్ర మాని రాత్రింబవళ్లు తిరుగు కారు డ్రైవరును పిట్టగోడను తామే పడగొట్టుచున్నారు. నిద్రపట్టిన కన్నును ఏ గాలిసంచియు తెరువలేదు.

అయితే ఇక్కడ ఒక కఠినమైన సంగతి కలదు. దానిని దాటిపోవుట న్యాయము కాదు. యజమానికి డబ్బు ఉండియు చేయింపకపోవుట వేరు. ఒక్క పాత కారే జీవనాధారమై, బ్రేకుల పనికి వారము సంపాదన పోవు బీదవాని సంగతి వేరు. అతనికి క్రొత్తది కొనుమని చెప్పుట పరిహాసమగును. రేపటి బియ్యము ఈ రోజు బాడుగలో ఉన్నది. అయినను అతని వెనుక సీటులో కూర్చున్న గర్భిణీ స్త్రీ ప్రాణము అతని బీదరికమునుబట్టి తక్కువ వెలగలది కాదు. ఈ రెండు సత్యములను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు మేము చెప్పగలిగినది ఇది. మరమ్మతులలో వరుస పాటింపవలెను. ఆపునవి మొదట, అనగా బ్రేకులును టైర్లును. త్రిప్పునవి తరువాత, అనగా స్టీరింగు భాగములు. కనబడునట్లు చేయునవి ఆ తరువాత, అనగా దీపములును అద్దము తుడుచునవియు. రంగు, సీటు కవర్లు, పాటల పెట్టె కడపట. మన రోడ్లమీద ఈ వరుస అనేకమారులు తలక్రిందులుగా కనబడును. పైన పటారము, లోన లొటారము! ఏనుగును కొన్నవాడు అంకుశమునకు వెనుదీసినట్లు, కారు కొన్నవాడు బ్రేకు లైనర్లకు వెనుదీయుట తగదు. ఆ మాత్రమునకు చేతిలో లేని దినమున బండిని చెట్టు క్రింద నిలుపుటయే ధర్మము. ఆ దినము అతని ఇంట పొయ్యి ఆరకుండ చూచుట ఎవరి ధర్మము? అతని ప్రక్కన మోకరించు మనదే. బోధకుని బండికి చందా వేసికొనగల సంఘము ఒక సహోదరుని బ్రేకుల పనికి వడ్డీలేని చేబదులు ఇయ్యలేదా?

మెకానిక్కు విషయములోను మనము న్యాయముగా ఉండవలెను. యోవాషు రాజు దినములలో మందిరమును బాగుచేయు పనివారికిచ్చుటకై డబ్బు ఎవరికి అప్పగించిరో వారిని లెక్క అడుగలేదనియు, వారు నమ్మకముగా పనిచేయువారనియు రెండవ రాజులు 12:15 తెలుపుచున్నది. పాత కారు నడుచునది అట్టి నమ్మకముమీదనే. షెడ్డులో నూనె మరకలతో నిలిచిన మనుష్యుడు పాత భాగము తీసి క్రొత్తది వేసెనో, తుడిచి పాతదే వేసెనో మనకు తెలియదు. అతడు మనలను మోసపుచ్చకూడదు. మనమును అతని కూలిని గీచిగీచి బేరమాడి, మంచి భాగము వేయవలసిన చోట చౌకది వేయునట్లు అతనిని నెట్టకూడదు. సగము కూలి ఇచ్చి పూర్తి నమ్మకము కోరుట అన్యాయము.

కడపట అమ్మకము, కొనుగోలు. సామెతలు 20:14 కొనువాని నాలుకను పట్టి చూపుచున్నది. బేరమాడునప్పుడు సరకు మంచిది కాదని పలికి, ఇంటికి పోవుచు లాభము వచ్చెనని సంతోషించువాడు మన సంతలలో లేడా? అమ్మువాని తప్పిదము అంతకంటె పెద్దది. తిరిగిన మైళ్లు చూపు మీటరును వెనుకకు త్రిప్పించుట, గుద్దుకొన్న చోట పుట్టీ పూసి రంగు వేయుట, నీట మునిగిన బండిని ఎండబెట్టి అమ్ముట దొంగ తూకపురాళ్లు వాడుటయే. తెలిసిన లోపమును కొనువానికి చెప్పి ఆ మేరకు ధర తగ్గించుకొనుట విశ్వాసికి తగిన పని. చట్టమువలనను ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను: కారు అమ్మి డబ్బు తీసికొన్నను రికార్డులో పేరు మార్పింపనంతవరకు అమ్మినవాడే యజమానిగా ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యుడగునని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. గనుక కాగితములు మార్చుకొనక బండ్లు చేతులు మార్చుకొను వాడుకను మన ఊళ్లలో మానవలెను.

పాత కారులో అవమానము లేదు, క్రొత్త కారులో పాపము లేదు. బాగుచేయింపగల శక్తియు మనస్సును ఉన్నవాడు పాతదానిని గౌరవముతో నడుపుకొనవచ్చును. అప్పు మ్రింగివేయకుండ కొనగలవాడు, ముఖ్యముగా ఇతరులను ఎక్కించుకొని తిరుగువాడు, భద్రమైన క్రొత్తదానిని కృతజ్ఞతతో కొనవచ్చును. కాని ఇద్దరును కారు తాళము చేతికి తీసికొనునప్పుడు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ బండి వలన నాకు మిగిలినదానిని ఎవరి ఒడిలోనుండి తీసికొంటిని? ఈ ప్రశ్న కొండమీది మేడవారికిని, కృష్ణానగరు గదివారికిని, మన తాలూకా రోడ్డువారికిని ఒక్కటే. ప్రతి మెట్టున ఉన్నవాడును తన వంతు మరమ్మతు తాను చేయించి, ఉన్న లోపము ఉన్నట్లు చెప్పి క్రిందికి అప్పగించినయెడల, కడపటి మెట్టుననున్న బీదవాని చేతికి వచ్చు కారు పాతదైనను ప్రాణము తీయునది కాదు.